డిసెంబరు ముసురులో రాజమండ్రి నుంచి అంతర్వేదికి కారులో వెళ్లొచ్చా?

మీరు అడిగింది ఇదీ: డిసెంబరు రెండో వారంలో హైదరాబాద్ నుంచి రాజమండ్రి వస్తున్నారు. అమ్మానాన్నల్ని, ఐదేళ్ల పాపని తీసుకుని ఒక్క రోజులో కోనసీమ మీదుగా అంతర్వేది వెళ్లి రావాలని ఉంది. ఆ వారంలో వానలు పడతాయని వాతావరణ శాఖ చెబుతోంది. చిన్న కారు, పల్లెటూరి రోడ్ల మీద వానలో నడిపిన అలవాటు లేదు. వెళ్లొచ్చా, వాయిదా వేసుకోవాలా, వెళ్తే ఏ దారి?

ఉట్టి ముసురే అయితే వెళ్లండి. నన్నడిగితే కోనసీమని చూడాల్సిన రోజు అదే. మాది అంబాజీపేట పక్క పల్లె. ఎరువుల వ్యాపారం మీద ఏళ్ల తరబడి ఈ రోడ్ల మీదే తిరుగుతున్నాను. వానాకాలం వాన వేరు, ఈ చలికాలపు వాన వేరు. ఆ తేడా తెలియక బయటినుంచి వచ్చినవాళ్లు భయపడక్కర్లేనిదానికి భయపడి, చూసుకోవాల్సినదాన్ని వదిలేస్తారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు గోదావరి సంగతి. కోనసీమలో వాన అనగానే చాలామందికి టీవీలో చూసిన వరద గుర్తొస్తుంది. ఆ వరద జులై నుంచి సెప్టెంబరు మధ్య వస్తుంది. ఎగువన మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, తెలంగాణల్లో కురిసిన వాన అది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. డిసెంబరులో ఆ గొడవ ఉండదు. ఇప్పుడు పడేది బంగాళాఖాతంలో అల్పపీడనాల వల్ల, ఈశాన్య రుతుపవనాల వల్ల పడే వాన. అది ఇక్కడే పడుతుంది, ఇక్కడే నిలుస్తుంది. డెల్టా అంతా పళ్లెంలా చదునుగా ఉంటుంది. పడ్డ నీరు చేల బోదెల్లోంచి (పిల్లకాలువల్లోంచి) చిన్న డ్రెయిన్లలోకి, అక్కణ్ణుంచి కౌశిక, శంకరగుప్తం లాంటి పెద్ద డ్రెయిన్లలోకి, చివరికి సముద్రంలోకి పోవాలి. అమావాస్యకీ పౌర్ణమికీ సముద్రం పోటు మీదుంటే ఆ డ్రెయిన్లు లాగవు, నీరు వెనక్కి తంతుంది. అందుకే ఇక్కడ వాన ఆగాక కూడా పల్లపు రోడ్ల మీద ఒకటి రెండు రోజులు నీళ్లుంటాయి. ఎండ కాసింది కదా అని బయల్దేరితే సరిపోదు, ముందు రెండు రోజులు ఎంత పడిందో కూడా చూసుకోవాలి. మలికిపురం, సఖినేటిపల్లి వైపు సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ ఇది ఇంకా ఎక్కువ.

ఇక వెళ్లాలా వద్దా అన్నది. ఈ విషయంలో నేను మొహమాటం లేకుండా చెబుతాను. వాతావరణ శాఖ అల్పపీడనం అందంటే, జిల్లాకి పసుపు రంగు హెచ్చరిక మాత్రమే ఉందంటే, వెళ్లండి. వాయుగుండం అయ్యిందంటే అది ఎటు కదులుతోందో చూడండి. చెన్నై, నెల్లూరు వైపు పోతుంటే మనకి ముసురు, చలిగాలి, అంతవరకే. మచిలీపట్నం, కాకినాడల మధ్య తీరం దాటుతుందన్న మాట వినపడితే ప్రయాణం మానుకోండి. గాలి గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల మధ్య ఉంటే వాయుగుండం, 50 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుఫాను. మన దగ్గర గాలి 50 దాటిందంటే కొబ్బరి మట్టలు, నిద్రగన్నేరు కొమ్మలు రోడ్డు మీద పడుతుంటాయి, కరెంటు తీగలు తెగుతాయి. అలాగే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం అంటారు, 115.6 దాటితే అతి భారీ. నారింజ రంగు హెచ్చరిక ఉంటే పాపతో, పెద్దవాళ్లతో బయల్దేరొద్దు. ఎరుపైతే ఇక అడగనే అక్కర్లేదు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కాకినాడకి దక్షిణాన తీరం దాటినప్పుడు వెయ్యి మందికి పైగా చనిపోయారు, కొబ్బరి తోటలు తోటలే పడిపోయాయి. 2018లో పెథాయ్ తుఫాను సరిగ్గా డిసెంబరు 17న కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. డిసెంబరు కదా, తుఫానుల కాలం అయిపోయింది అనుకోకూడదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది చెబుతాను. మీరు వచ్చే రోజులు సార్వా (వానాకాలపు వరి) కోతల రోజులు. స్వర్ణ లాంటి దీర్ఘకాలిక రకాలు వేసిన చోట కోత డిసెంబరు దాకా సాగుతుంది. మిషన్ దిగగలిగిన చేను మిషన్‌తో కోస్తారు. నేల ఆరని చోట కూలీలు కోసి, పనలు (కోసిన వరి గుప్పెళ్లు) పరిచి, ఆరాక కుప్ప వేస్తారు. సరిగ్గా ఆ సమయంలో ముసురు పడితే రైతు పడే టెన్షన్ ఏమిటో దారి పొడవునా మీకు కనిపిస్తుంది. ఒక్కసారి ఆగి చూస్తే తెలుస్తుంది: చేలో పరిచిన పనలు నీళ్లలో మునిగి ఉంటాయి. గట్టుకి చిన్న గండి కొట్టి నీరు బోదెలోకి తీస్తుంటారు. తడిసిన పనని ఎత్తి చూస్తే రెండు మూడు రోజులకే గింజ మొన దగ్గర తెల్లగా మొలక కనిపిస్తుంది. అది మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి పనల మీద కొడతారు. కళ్లంలో ఉన్న ధాన్యమైతే తేమ 17 శాతానికి దిగితేగాని కొనుగోలు కేంద్రంలో మద్దతు ధరకి తీసుకోరు. మబ్బు పట్టిన రోజుల్లో ఆ 17 శాతం రావడం అంత తేలిక కాదు.

దీనికీ మీ డ్రైవింగ్‌కీ సంబంధం ఏమిటంటే, డెల్టాలో ఖాళీ నేల లేదు. చేను కాకపోతే చెరువు, అది కాకపోతే తోట. ధాన్యం ఆరబెట్టుకోవడానికి రైతుకి మిగిలింది రోడ్డే. వాన తెరిపి ఇచ్చిందంటే సగం రోడ్డు మీద ధాన్యం పరుచుకుంటుంది. చినుకు పడగానే అక్కడే పోగు చేసి నల్ల బరకం (టార్పాలిన్) కప్పి, ఎగిరిపోకుండా చుట్టూ రాళ్లు, ఇటుకలు, తాటి దుంగలు పెడతారు. ఆ రాయి మీద మీ టైరు ఎక్కితే టైరు పోతుంది. చీకట్లో నల్ల బరకం కప్పిన రాశి తడి తారు రోడ్డు మీద అసలు కనపడదు. బైకుల వాళ్లు దాన్ని గుద్దుకుని ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు మా ప్రాంతంలో ఉన్నాయి. రోడ్డు మీద ఆరబెట్టడం తప్పే. కానీ ఆ నాలుగు రోజులు రైతుకి వేరే దారి లేదు. కాబట్టి మీరే నెమ్మదించాలి. ధాన్యం పక్కన నీళ్లు నిలిచి ఉంటే ఇంకా నెమ్మదించండి, చక్రం చిమ్మిన బురద నీరు బరకం అంచు కిందకి పోతుంది. ఒకవైపే ఖాళీ ఉండి ఎదురుగా బండి వస్తుంటే ఆగి దారి ఇవ్వండి. ధాన్యం మీదుగా మాత్రం కారు పోనివ్వకండి, ఎంత తొందరున్నా సరే. అక్కడ నిలబడ్డ ఆవిడ ఏమీ అనకపోవచ్చు, కానీ గింజ నలిగితే నూక అవుతుంది.

తుంపర గురించి ఒక మాట. దంచికొట్టే వాన కంటే సన్నటి తుంపరే ఇక్కడ ప్రమాదం. చేలోంచి రోడ్డెక్కిన ట్రాక్టర్ల చక్రాల బంకమట్టి దారంతా పడి ఉంటుంది. పెద్ద వాన దాన్ని కడిగేస్తుంది. తుంపర మాత్రం దాన్ని తడిపి వదిలేస్తుంది. దానికి తోడు దాళ్వాకి (రెండో పంట వరికి) దమ్ము చేసే, అంటే నీళ్లు పెట్టి బురద దున్నే ట్రాక్టర్లు, చేపల చెరువుల నుంచి నీళ్లు కార్చుకుంటూ పోయే బండ్లు. పల్లె మొదట్లో, చేలోకి దారి ఉన్న చోట, మిల్లు గేటు ముందు తారు రంగు మారి మట్టి రంగులో కనిపిస్తే అక్కడ బ్రేకు గట్టిగా తొక్కొద్దు, ముందే స్పీడు తగ్గించుకుని గేరు మీద పోనివ్వండి. ధాన్యం ట్రక్కులకి, గడ్డి బండ్లకి వెనక లైట్లుంటాయని నమ్మకండి.

దారి. రాజమండ్రి నుంచి అంతర్వేది సుమారు 100 కిలోమీటర్లు. మామూలు రోజున మూడు గంటలు, వానలో నాలుగు వేసుకోండి. రావులపాలెం చేరడానికి రెండు దారులున్నాయి. ఒకటి జాతీయ రహదారి 16: వేమగిరి, కడియపులంక నర్సరీలు, జొన్నాడ వంతెన. రెండోది ధవళేశ్వరం బ్యారేజీ ఎక్కి, బొబ్బర్లంక దగ్గర ఎడమకి దిగి, కాలువ వెంబడి ఆత్రేయపురం, లొల్ల మీదుగా. వాన తక్కువగా ఉంటే పొద్దున వెళ్లేటప్పుడు ఈ రెండో దారే పట్టండి. కాటన్ 1852 నాటికి పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో 1982కి వచ్చింది ఇప్పుడున్న బ్యారేజీ. దాని మీద 175 గేట్లు. డిసెంబరులో గేట్ల కింద నీరు తక్కువ, ఎగువన నిండుగా నిలిచిన గోదావరి. ముసురులో అవతలి గట్టు కనపడదు. మధ్య డెల్టా మొత్తానికి నీరు వదిలే తలుపులు బొబ్బర్లంక దగ్గరే ఉన్నాయి. అక్కడ వదిలిన నీరే లొల్ల లాకుల (కాలువ తలుపుల) దగ్గర పాయలుగా చీలి కోనసీమ చేలకి పోతుంది. లొల్ల దగ్గర దిగండి. లాకులు, పక్కన పెద్ద చెట్లు, చినుకుల్లో కాలువ. మీ నాన్నగారికి వ్యవసాయం తెలిసుంటే అక్కడ ఆయనే మీకు చాలా చెబుతారు.

శనివారం మాత్రం ఈ దారి వద్దు. వాడపల్లి వేంకటేశ్వరస్వామి గుడికి ఏడు శనివారాలు మొక్కుకుని వచ్చేవాళ్లతో ఆ సన్నని రోడ్డు నిండిపోతుంది. వానలో ఆ రద్దీ తట్టుకోవడం కష్టం. శనివారం అయితే 16వ నంబరు రోడ్డు మీదే రండి.

రావులపాలెం నుంచి కొత్తపేట మీదుగా అంబాజీపేట, అక్కణ్ణుంచి పి.గన్నవరం, నాగుల్లంక, తాటిపాక, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, అంతర్వేది. పి.గన్నవరం దగ్గర ఆగాలి. కింద గోదావరి వైనతేయ పాయ, దాని మీదుగా కాలువ. కాటన్ కాలంలో కట్టిన పాత అక్విడక్టు, అంటే కాలువని మోసే వంతెన, కమానులతో ఇంకా నిలబడే ఉంది. దాని పక్కనే కొత్తది. ఒక నది మీదుగా ఇంకో నీటిని దాటించి అవతలి లంక మొత్తానికి పంట పండించారు. కొత్త అక్విడక్టుకి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆవిడ (1841–1909) ఆ దగ్గర్లోని లంకల గన్నవరంలో ఉండి, దారిన పోయే ఆకలిగొన్న ప్రతివాళ్లకీ వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన తల్లి. పాపకి ఆవిడ గురించి చెప్పండి. వంతెన మీద మాత్రం కారు ఆపొద్దు, దాటాక పక్కకి తీసి ఆపుకుని నడిచి రండి.

ఫోనులో మ్యాప్ చూపించే అడ్డదారులు నమ్మొద్దు. రెండు మూడు కిలోమీటర్లు కలిసొస్తుందని అది ఏటిగట్టు ఎక్కిస్తుంది. ఒక్కోసారి పంటు (బండ్లని ఏరు దాటించే పెద్ద పడవ) మీద రేవు దాటే దారి కూడా చూపిస్తుంది. సఖినేటిపల్లి–నరసాపురం, కోటిపల్లి–ముక్తేశ్వరం రేవుల్లో పంటు ఎక్కడం బాగుంటుంది, కాదనను. కానీ గాలివాన రోజున పెద్దవాళ్లతో ఆ పని వద్దు. గాలి ఎక్కువైతే పంటు ఆపేస్తారు, అప్పుడు మీరు రేవులో ఇరుక్కుంటారు. ఏటిగట్టు రోడ్డు కొన్నిచోట్ల ఒక్క కారు పట్టేంతే. ఎదురుగా ట్రాక్టర్ వస్తే వెనక్కి నడపాల్సింది మీరే.

రోడ్డు అంచు సంగతి కొంచెం జాగ్రత్తగా చదవండి. ఈ ప్రాంతంలో కార్లు ఎక్కువగా ప్రమాదానికి గురయ్యేది ఇక్కడే. చాలా రోడ్లకి ఒక పక్క కాలువ ఉంటుంది, అడ్డుగోడ ఉండదు. దాళ్వా పనులు మొదలయ్యే రోజులు కాబట్టి కాలువలో నీరుంటుంది. తారుకీ కాలువకీ మధ్య ఉన్న మార్జిన్ నల్లమట్టి. పైన పచ్చగా గడ్డి మొలిచి గట్టి నేలలాగే కనిపిస్తుంది. నాలుగు రోజులు వాన తాగాక దాని మీద ఎడమ చక్రం దిగితే తారు అంచు నుంచి జానెడు లోతుకి కుంగుతుంది, కారు కాలువ వైపు ఒరుగుతుంది. అలవాటు లేనివాళ్లు కంగారుపడి స్టీరింగ్ ఒక్కసారిగా కుడికి కోస్తారు. అప్పుడు ముందు చక్రం తారు అంచుకి తగిలి గబుక్కున ఎక్కుతుంది, కారు అడ్డం తిరుగుతుంది. అలా చేయకండి. యాక్సిలరేటర్ వదలండి, బ్రేకు గట్టిగా తొక్కకండి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని కారు దానంతటదే నెమ్మదించే దాకా ఆగండి. తర్వాత అంచు సమంగా ఉన్న చోట మెల్లగా ఎక్కండి. ఎదురుగా బస్సు వస్తోంది, మీ ఎడమ పక్క కాలువ ఉంది అనుకోండి. మీరు తారు మీదే ఆగిపోండి. మా దగ్గర బస్సు డ్రైవర్లకి ఆ సంగతి తెలుసు, వాళ్లే చేల వైపు మార్జిన్‌లోకి దిగి తప్పుకుంటారు. మొహమాటపడి మీరు దిగకండి.

కారు నీళ్లలో పడటం అన్నది తలుచుకోవడానికే బాగుండదు, కానీ తెలిసి ఉండాలి. పడ్డ వెంటనే బెల్టులు తీసి, నీరు అద్దం దాకా రాకముందే పక్క అద్దాలు దించి బయటికి రావాలి, ముందు పాపని పంపాలి. బయటి నీటి ఒత్తిడికి తలుపు తెరుచుకోదు, దానితో కుస్తీ పడి సమయం పోగొట్టుకోవద్దు. అద్దం దిగకపోతే పక్క అద్దం మూల మీద కొట్టాలి, ముందు అద్దం పగలదు. ఆ పనికి వచ్చే చిన్న సుత్తి కార్ల సామాన్లు అమ్మే చోట దొరుకుతుంది. కొని డ్రైవరు సీటు పక్కన పెట్టుకోండి, డిక్కీలో కాదు.

రోడ్డు మీద నిలిచిన నీరు ఎంత లోతో తెలియకపోతే ముందు వెళ్లే బండిని చూడండి. చిన్న కారుకి చక్రంలో సగం దాకా నీళ్లంటే అదే హద్దు. దాటేటప్పుడు మొదటి గేరులో, ఆపకుండా, నెమ్మదిగా వెళ్లాలి. ఎదురుగా లారీ వస్తుంటే అది దాటే దాకా ఆగండి, అది లేపే అల ఇంజను లోపలికి పోతుంది. మధ్యలో ఇంజను ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. సిలిండర్లలోకి నీరు పోయి ఉంటే ఆ ఒక్క ప్రయత్నంతో ఇంజను పాడవుతుంది. తోయించుకుని బయటికి తెచ్చి మెకానిక్‌ని పిలవండి. ఏ పల్లెలోనైనా తోయడానికి నలుగురు వస్తారు, మీరు పిలవక్కర్లేదు కూడా. నీళ్లు దాటాక బ్రేకుని రెండు మూడు సార్లు తేలిగ్గా నొక్కండి, తడి ఆరుతుంది.

కారు విషయంలో బయల్దేరే ముందు టైర్లు, వైపర్లు చూడండి. టైరు గాడి 1.6 మిల్లీమీటర్లకి తగ్గితే చట్టప్రకారమే పనికిరాదు. వానలో 3 కంటే తక్కువ ఉంటే నేనైతే బయల్దేరను. ఈ కాలంలో ఇంకో ఇబ్బంది అద్దాలకి ఆవిరి పట్టడం. బయట చలి, లోపల అందరి ఊపిరి, తడి గొడుగులు. అమ్మగారికి చలేస్తోందని ఏసీ ఆపేస్తారు, రెండు నిమిషాల్లో ముందు అద్దం తెల్లబడిపోతుంది. ఏసీ ఆపకండి. గాలి ముందు అద్దం వైపు తిప్పి, బయటి గాలి లోపలికి వచ్చేలా పెట్టి, వేడి పెంచండి. ఏసీ తేమని లాగేస్తుంది, చలీ వేయదు. పగలైనా హెడ్‌లైట్లు డిమ్‌లో వెలిగించండి. నడుస్తున్నప్పుడు నాలుగు ఇండికేటర్లూ వేయొద్దు, మీరు ఎటు తిరుగుతారో వెనకవాడికి తెలియదు. జాతీయ రహదారి మీద కూడా వానలో 60 దాటొద్దు. లోపలి రోడ్లలో 40 చాలు.

కారుని కొబ్బరి చెట్టు కింద ఆపొద్దు. గాలి లేకపోయినా నాని బరువెక్కిన మట్ట ఊడి పడుతుంది, కాయ పడితే అద్దం మిగలదు. బోర్డు లేని స్పీడ్ బ్రేకర్లు ప్రతి పల్లె మొదట్లో, చివర్లో ఉంటాయి. నీటి కింద కనపడవు, ఇళ్లు మొదలయ్యాయంటే ఉందనే అనుకోండి.

తిండి సంగతికొస్తే చలికాలంలో ఇక్కడ దొరికేవి వేరు. రోడ్డు పక్కన తేగలు (తాటి మొలకలు) అమ్ముతుంటారు, కాల్చినవి, ఉడకబెట్టినవి. ముసురులో వేడి తేగ ఒలుచుకుని తింటుంటే వచ్చే రుచి వేసవిలో రమ్మన్నా రాదు. తేగలు తవ్వేచోట బుర్రగుంజు (తాటి టెంక లోపలి గుజ్జు) దొరికితే పాపకి పెట్టండి, తియ్యగా ఉంటుంది. పొద్దున టిఫిన్ అంబాజీపేటలో పెట్టుకుంటే పొట్టిక్కలు తినండి. పనసాకుల్ని బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పడుతుంది. ఆత్రేయపురంలో పూతరేకులు కొనాలంటే గాలి చొరని డబ్బా మీరే తీసుకెళ్లండి. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, దేశమంతా పంపుతున్నారు. కానీ రేకు అంత పలచటిది కాబట్టి ఈ తేమకి అట్టపెట్టెలో సాయంత్రానికే మెత్తబడిపోతుంది. పులస అని ఎవరైనా చెబితే కొనకండి. అది వరద నీటికి ఎదురీదుతూ వచ్చే జులై–సెప్టెంబరు చేప, డిసెంబరులో ఉండదు.

అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం అయ్యాక అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్లాలనిపిస్తుంది. వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే చోటు. వాన వెలిసి, గాలి తగ్గి ఉంటేనే వెళ్లండి. వాయుగుండం దూరంగా ఉన్నా కెరటాలు ఎత్తుగా వస్తాయి, ఒడ్డు ఇసుక కింద కోసుకుపోయి ఉంటుంది. పాప చెయ్యి వదలొద్దు, నీళ్లలో కాలు పెట్టొద్దు. కారుని ఇసుకలోకి అసలు దించొద్దు.

ఇక టైము. పొద్దున 8కి ముందు బయల్దేరొద్దు. వాన తెరిపిచ్చిన తెల్లవారుజామున మంచు దట్టంగా ఉంటుంది. సాయంత్రం 5.30కే సూర్యుడు అస్తమిస్తాడు, మబ్బు రోజైతే 5కే చీకటి. అంతర్వేది నుంచి మధ్యాహ్నం 3కి తప్పనిసరిగా కదలండి. తిరుగు ప్రయాణంలో లోపలి రోడ్లు వద్దు. రాజోలు దగ్గర 216వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, బోడసకుర్రు వంతెన మీద వైనతేయ దాటి అమలాపురం, అక్కణ్ణుంచి రావులపాలెం చేరి 16వ నంబరు రోడ్డు పట్టుకోండి. నల్ల బరకాలు కప్పిన ధాన్యం రాశుల మధ్య నుంచి చీకట్లో వెళ్లే అవసరం రాకూడదు. ఆలస్యమైపోతే అమలాపురంలోనో, దిండిలోనో రాత్రికి ఆగిపోండి, రెండు చోట్లా బస దొరుకుతుంది.

జాతీయ రహదారి మీద కారు ఆగిపోతే 1033, అంబులెన్స్‌కి 108, మిగతా ఏ అత్యవసరానికైనా 112, విపత్తు కంట్రోల్ రూముకి 1070. ఫోనులో వేసి పెట్టుకోండి, నాన్నగారి ఫోనులో కూడా.

మీ తేదీ ఖాయమయ్యాక, ముందు రోజు సాయంత్రం ఇక్కడే ఒక మాట రాయండి. పి.గన్నవరం నుంచి మలికిపురం దాకా ఏ పల్లంలో నీరుంది, ఏ రోడ్డు మీద ధాన్యం పోసున్నారు అన్నది మా ఎరువుల బండ్ల వాళ్లని కనుక్కుని చెబుతాను.